పడవ పేరు పట్టని పెట్టె

ఈ రోజు మా సూళ్లూరుపేట ఆఫీసులో ముచ్చెమటలు పోశాయి. సముద్రంలో ఆపద వస్తే బటన్ నొక్కగానే పడవ పేరుతో ఒడ్డుకు సిగ్నల్ పంపే పెట్టెలు తయారు చేస్తాం. మొదటిది తీసుకెళ్ళడానికి పడవ యజమాని మస్తానన్న వచ్చి కూర్చున్నాడు. అప్పుడే, ప్రోగ్రామ్ నడపకుండానే కోడ్ చదివి తప్పులు పట్టే టూల్ ఒక హెచ్చరిక చూపించింది. పడవ పేరు దానికిచ్చిన చోటు దాటి పక్క మెమరీలోకి పొర్లవచ్చట.

"టెస్టులన్నీ పాసైనాయి గదక్కా, ఇచ్చేద్దాం," అన్నాడు నాతో పనిచేసే సురేష్.

టెస్టుల్లో పేర్లన్నీ ఇంగ్లిషులోనే కొట్టాం. తెలుగు అక్షరానికి మెమరీలో ఇంగ్లిషు అక్షరానికి కనీసం మూడింతల చోటు కావాలి.

"అన్నా, మీ పడవ పేరేంది?"

"శ్రీ గంగమ్మ తల్లి."

తెలుగులో కొట్టి బటన్ నొక్కాను. పెట్టె బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు నొక్కినా సిగ్నల్ పోలేదు.

"నడి సముద్రంలో ఇట్నే అయ్యుంటే ఏందమ్మా మా గతి?" అన్నాడు మస్తానన్న.

చోటు పెంచి, పేరు అందులో పడుతుందో లేదో చూశాకే కాపీ చేసేలా కోడ్ మార్చాం. సాయంత్రం మస్తానన్నే బటన్ నొక్కాడు. సిగ్నల్ వెళ్ళింది.

తెలుగు పడవలకు పెట్టె చేస్తూ ఇంగ్లిషు పేర్లతోనే ఎందుకు పరీక్షించామో నాకింకా అర్థం కాలేదు. మీకు తెలిస్తే చెప్పండి.