దిగని రెక్క

చౌల్దారీ ఊరి దారిలో నూట నలభై స్పీడులో కారు పోతుంటే వెనక రెక్క దానంతటదే లేచింది. నాట్లు వేస్తున్నవాళ్లు నడుములెత్తి చూశారు. చాతం జెట్టీ దగ్గర టీ కొట్లో నేనీ మాట చెప్పినప్పుడు బెంచీ మీదున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టేశారు. అవతలి ఒడ్డున ఉన్న బంబూఫ్లాట్‌కు పోయే ఫెర్రీ పడవ కూత వేసినా ఒక్కడూ లేవలేదు.

ఫెర్రీ కూత వేసిన మాట నిజం. ఎవరూ లేవలేదన్నది అబద్ధం, ఇద్దరు లేచి వెళ్లిపోయారు. నూట నలభై అయితే శుద్ధ అబద్ధం. ఆ కారును నేను షెడ్డు గుమ్మం దాటించనే లేదు.

కారు నాది కాదు. మా వీధిలోనే పుట్టి పెరిగి, పోర్ట్ బ్లెయిర్‌లో హోటల్ పెట్టుకున్న కుర్రాడిది. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు, ఓడ మీద తెప్పించుకున్నాడు. దాని వెనక డిక్కీ అంచున ఒక పలక ఉంటుంది. వేగం బాగా పెరిగితే అది పైకి లేచి, గాలి ఒత్తిడితో బండిని రోడ్డుకు అదిమి పెడుతుంది. నెమ్మదిస్తే దిగి కారు ఒంట్లో కలిసిపోతుంది. స్పాయిలర్ అంటారు, మా వీధిలో రెక్క అంటారు. మా రోడ్ల మీద అంత వేగం ఎవరికీ సాధ్యం కాదు కనుక, దాన్ని చూడాలంటే బండి నిలబెట్టి బటన్ నొక్కుకోవాల్సిందే.

ఊళ్లో లేనప్పుడల్లా అతను బండిని మా ఇంటి ఎదుటి షెడ్డులో పెట్టి తాళం నాకిచ్చేవాడు. ఉద్యోగమంతా ప్రభుత్వ జీపు తోలినవాణ్ని కదా.

"బాబాయ్, ఉప్పుగాలికి కదలనిదల్లా పట్టేస్తుంది. రోజూ స్టార్ట్ చెయ్, రెక్క ఎత్తు, తుడువు, దింపు. హఫ్తాకోసారి చౌల్దారీ దాకా తిప్పుకొని రా. ఆరామ్‌సే, ఆఁ?"

వారానికోసారి తిప్పుతానని మాటిచ్చి తాళం మొలతాడుకు కట్టుకున్నాను. రిటైరయ్యాక నన్ను డ్రైవరు గారూ అని పిలిచే నోరు లేకుండా పోయింది. ఆ తాళంతో మళ్లీ డ్రైవర్నయ్యాను. అది పోతే ఇక నాకు మిగిలేది గుమ్మంలో కుర్చీ.

రోజూ తుడిచేవాణ్నని రాయబోయాను. వానలు పట్టాక అదీ మానేశాను.

వాన తెరిపిచ్చిన ఉదయం హోటల్ మనిషి వచ్చి, సేఠ్ మధ్యాహ్నం ఫ్లైట్‌కి దిగుతున్నాడని చెప్పి వెళ్లాడు. షెడ్డుకి పరుగెత్తాను, అంటే నా మోకాళ్లు ఒప్పుకున్నంత. ఇంజను అందుకుంది. బటన్ నొక్కితే రెక్క మూలుగుతూ లేచింది. దాని కాళ్ల దగ్గర తెల్లగా ఉప్పు, పచ్చగా పాచి. గబగబా తుడిచి, దింపే బటన్ నొక్కి పట్టుకున్నాను. లోపలెక్కడో టక్కుమంది. రెక్క కదల్లేదు. ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది.

మళ్లీ నొక్కాను. ఇంజను ఆపి, స్టార్ట్ చేసి నొక్కాను. దేవుణ్ని తలుచుకొని నొక్కాను. మా ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏటి, ఇంకా దిగనేదా?"

"నువ్వెళ్లు."

"ఎల్తాను గానీ, ఆడొచ్చి అడిగితే ఏటి సెప్తావు? టీ కొట్లో సెప్పిందేనా?"

అప్పుడు నాకు తెలిసొచ్చింది. వేగంగా పోతే లేచే రెక్క లేచి ఉంది. వేగంగా పోయానని ఊరంతా చాటింది నేనే.

సందుల్లో కొబ్బరినూనె పోశాను. వేడినీళ్లు పోశాను. సన్నికల్లు పాత లుంగీలో చుట్టి రెక్క మీద పెట్టాను. చివరికి నేనే ఎక్కి కూర్చున్నాను. గాలిని ఆపడానికి కట్టిన పలకకు నా ఒళ్లొక లెక్కా? వీధిలో పోతున్న ఆటోవాడు బండి ఆపి మరీ, ఇవాళ కూడా ఎగరేశానా అని అరిచాడు.

"అరే చాచా! ఆజ్ భీ ఉడాయా క్యా?"

ఏడుపొచ్చింది. దిగి, రెక్కకు రెండు చేతులూ జోడించి, "దిగమ్మా, నా తల్లివి కదూ" అన్నాను. ఇది పెంచి చెప్పడం లేదు.

అతను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా షెడ్డుకే వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పేసినట్టున్నారు.

"నూట నలభై అంట? ఈ రోడ్ల మీద? పిల్లలు తిరిగే రోడ్డు బాబాయ్ అది!"

"పోలేదురా."

"మరి రెక్క?"

"బటన్ నొక్కి ఎత్తాను. వానల్లో తియ్యలేదు, పట్టేసింది."

అతను లోపలికి వంగి మీటరు చూశాడు. తను వదిలి వెళ్లినప్పటి అంకె అలాగే ఉంది. కోపం పోయి, మొహం అదోలా అయింది. ఆ కోపమే నయం.

"హఫ్తాకోసారి తిప్పమన్నాను కదా. ఒక్కసారీ తియ్యలేదా? క్యోఁ? సచ్ బోలో బాబాయ్."

పెట్రోలు దొరకలేదనవచ్చు. టైరులో గాలి లేదనవచ్చు. నోట్లో అబద్ధాలు వరసలో నిలబడ్డాయి గానీ ఒక్కటీ బయటికి రాలేదు.

"కంటి ఆపరేషన్ అయినకాడ్నుంచి, ఎదురొచ్చే బండి దగ్గరుందో దూరముందో తెలీటంలేదురా. ఎవుళికీ సెప్పలేదు. మీ పిన్నికి కూడా."

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. లోపలికొచ్చి, లుంగీలో చుట్టిన సన్నికల్లు తీసుకొని ఇంట్లోకి వెళ్లిపోయింది.

అతను చెయ్యి చాపాడు. మొలతాడు ముడి నాకు ఊడలేదు. అతనే వంగి, నెమ్మదిగా విప్పి తీసుకున్నాడు.

రెక్క మోటారు పాడైంది. కొత్తది ఓడలో రావాలి. అప్పటిదాకా అతను లేచిన రెక్కతోనే కారు తిప్పుకుంటున్నాడు. అది ఎదురైనప్పుడల్లా ఆటోవాళ్లు నన్ను చూసి సలాం కొడుతున్నారు.

మొన్న టీ కొట్లో ఆగలేక మొత్తం చెప్పేశాను. నూట నలభై లేదు, చౌల్దారీ లేదు, నా కళ్లకు దూరం తెలియదు, తాళం కూడా తీసేసుకున్నాడు. బెంచీ మీదున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టారు. ఒకడు నా భుజం తట్టాడు.

"ఆంఖ్ ఖరాబ్, ఫిర్ భీ ఏక్ సౌ చాలీస్! వాహ్ చాచా!" కళ్లు పాడైనా నూట నలభైలో తోలానట.

ఫెర్రీ కూత వేసింది. అవతలి ఒడ్డున నాకు పనేమీ లేదు. లేచి ఫెర్రీ వైపు నడిచాను.