ఎలుగుబంటికి మాట లేదు

మొన్న ఆదివారం ఆదిత్యపూర్‌లో మా ఇంట్లో ఆట నడుస్తుండగా నా వేలి కణుపులు నాకు తెలియకుండానే బల్లను టకటకా కొట్టాయి. కొత్తగా చేరిన అమ్మాయి ఆటలో ఎలుగుబంటిగా మారింది. మారి ఊరుకోకుండా అదే నోటితో కోట కాపలావాడికి ఉపన్యాసం ఇస్తోంది. "ఆగు తల్లీ, ఎలుగుబంటి మాట్లాడదు" అన్నాను. "క్యా ఆంటీ, యే కైసా రూల్ హై!" అని, ఇదెక్కడి రూలన్నట్టు మూతి ముడుచుకుంది. ఆ చెక్క చప్పుడు చెవిన పడగానే మాలక్ష్మి టీచర్ గుర్తొచ్చింది. సరిగ్గా ఈ రూలుతోనే ఆవిడ నా చిన్నతనాన్నంతా కాల్చుకు తిన్నది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పట్లో మేముండే భాలుబాసాలో మా వెనక ఇల్లే ఆవిడది. బడిలో లెక్కలు చెప్పేది. ఒంటరి మనిషి. ఏదో పాత పుస్తకాల దుకాణంలో లావుపాటి ఇంగ్లీషు రూల్సు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, ఆదివారాలు మమ్మల్ని కూర్చోబెట్టి ఆ ఆట ఆడించేది. కథ ఆవిడ చెబుతుంది. మేం తలా ఒక పాత్ర వేసుకుని, ఏం చేస్తామో చెప్పి పాచికలు వేస్తాం. ప్రతి పాత్రకూ బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలుంటాయి. నా పాత్ర జంతువుగా మారగల అడవిమనిషి. ఇక చూడండి నా ఖర్మ! ఎలుగుబంటినైతే బలం ఎలుగుబంటిదే వస్తుంది. తెలివి, జ్ఞాపకం, మొండితనం మాత్రం నావే ఉంటాయి. మాట పోతుంది, మంత్రం పోతుంది. తోటివాళ్లు ఏదైనా అడిగితే బల్ల కొట్టి చెప్పాలి. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. ఈ బల్ల కొట్టుడు ఆ పుస్తకంలో కూడా లేదు, ఆవిడ సొంత పైత్యం.

ఒకసారి కథలో వంతెన కింద రాక్షసుడు నక్కి ఉన్నాడు. ఎలుగుబంటిని కనుక నా ఒక్కదాని ముక్కుకే వాసన తగిలింది. నా ఈడువాడే, పక్కింటి పింటూ, కులాసాగా వంతెన ఎక్కేస్తున్నాడు.

"పింటూ, ఆగరా!" అని అరిచాను.

"ఏటే గౌరీ, ఎలుగ్గొడ్డు తెలుగు మాటాడతాదేటి?" అంది టీచర్.

"వాడు చచ్చిపోతాడండీ!"

"సావనీ. ఆడు అడిగితే బల్ల కొట్టు."

వాడు అడిగితేనా! ఎవరినీ ఏమీ అడిగే రకం కాదు. వాడి పాత్ర పోయింది, తప్పంతా నాదన్నట్టు వాడు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నేను టీచర్ మీద విరుచుకుపడ్డాను. అన్నీ తెలిసి చెప్పలేకపోతే ఆ తెలివి ఎందుకండీ, తగలెయ్యడానికా అన్నాను.

ఆవిడ పాచికలు ఏరుకుంటూ, "రూపం మారితే బుద్ధి ఎక్కడికీ పోదే. నోరొకటే పోద్ది. లోపలున్నోల్లని అడగాల్సింది బయటున్నోల్లు" అంది. నాకప్పుడు ఒళ్లు మండింది తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

పెద్దయ్యాను, ఉద్యోగంలో చేరాను, అయినా ఆదివారం ఆట మానలేదు. విసుక్కుంటూనే వెళ్లేదాన్ని. ఒక వానాకాలం ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా చచ్చుబడింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక దగ్గర్లోనే ఉన్న పర్సుడీహ్ నుంచి ఆవిడ తమ్ముడు జోగారావు వచ్చాడు. చెడ్డవాడు కాదు, అదే నా చిరాకు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. మంచం పక్కనే నిలబడి, ఆవిడకు వినపడేలాగే, "అక్కకింక ఏటీ తెల్దమ్మా. బుర్ర పోనాది. ఆదోరం మా ఇంటికి తీసుకెలిపోతాను, ఈ ఇల్లు కాళీ సేసేద్దుం" అన్నాడు. చూడవచ్చిన వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? పసిపిల్లతో మాట్లాడినట్టు "పాలు తాగుతావా బుజ్జీ" అని చెవిలో అరిచేవాళ్లు. పెద్ద పెద్ద వాళ్లను గోడ కుర్చీ వేయించిన మనిషిని!

ఆ ఆదివారం పింటూ, నేనూ పాచికలు పట్టుకెళ్లాం. తీసుకుపోయేలోపు ఆవిడ ముందు ఒక్కసారి ఆడాలనిపించింది, అంతే. బల్ల మంచం పక్కకు జరిపి కథ నేను మొదలుపెట్టాను. ఆవిడ ఇంటికప్పు వైపే చూస్తోంది. వాకిట్లో జీపు ఆపి, జోగారావు టీ తాగుతూ గుమ్మంలో నిలబడ్డాడు. కథలో పింటూ తోడేలుగా మారి, గుహ తలుపు దగ్గర మంత్రం చదివాడు. నేను పాచిక వేసి, "తలుపు తెరుచుకుంది" అన్నాను.

బల్ల మీద ధన్, ధన్‌మని రెండు దెబ్బలు పడ్డాయి.

ఆవిడ ఎడమ చెయ్యి! ఎక్కం తప్పు చెప్పినప్పుడు చూసే చూపుతో నన్నే చూస్తోంది. పరీక్షించడానికి నేను కావాలనే తప్పు చేశానని పింటూ ఊరంతా చెప్పాడు. నా మొహం! అన్నేళ్లు ఆడి కూడా, జంతువుకు మంత్రం రాదని నిజంగానే మర్చిపోయాను.

"తోడేలు మంత్రం చదవొచ్చా టీచర్?" అన్నాను. రెండు దెబ్బలు. "మేం ఎవరమో తెలుసా?" ఒకటే దెబ్బ, విసుగ్గా.

"ఊరికే సెయ్యి కదిలిందేమో" అని గొణిగాడు జోగారావు.

"మీరే అడగండి బాబాయ్. ఒకటి అవును, రెండు కాదు. ఇన్నాళ్లలో ఆవిణ్ణి ఒక్కరైనా ఒక్క మాట అడిగారా?"

అతను వంగి, మొదటిసారి అరవకుండా, "అక్కా, మా ఇంటికి వత్తావేటి?" అన్నాడు. రెండు దెబ్బలు. "ఇక్కడే ఉంటావా?"

ఒకటి. పాచికలు ఎగిరి కింద పడ్డాయి. అతను మంచం మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జీపు ఖాళీగానే వెనక్కి పోయింది.

కన్ను మూసేదాకా ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. తోడుకి ఒక మనిషిని పెట్టాం, తమ్ముడు పొద్దునా సాయంత్రం వచ్చి చూసుకునేవాడు. ఆదివారాలు ఆట సాగింది. సాగిందంటే ఏం సాగింది! నేను నోరు తెరిస్తే చాలు, ధన్ ధన్. అబ్బబ్బ, ప్రాణం విసిగిపోయేది. ఇప్పుడు ఆ రెండు దెబ్బల కోసం ఏమైనా ఇస్తాను.

మొన్న ఆ అమ్మాయి అలిగి చేతులు కట్టుకు కూర్చుంటే, మిగతావాళ్లు ఆమెను వదిలేసి కథలో ముందుకు పోబోయారు. "ముందు దాన్ని అడగండి" అని కసిరాను. మాట రాని మనిషి ఎదురైతే, అది ఆటలోనైనా ఆస్పత్రిలోనైనా, ఇప్పుడు అడుగుతాను. అడిగి, జవాబు కోసం ఆగుతాను. ఆగడమంటే నాకు ఇప్పటికీ మహా చిరాకు. అయినా ఆగుతాను.