సొంతూరి డ్యూటీకి నాలుగో శ్రేణి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వానాకాలం కోతలు మొదలయ్యే వేళకు నన్ను కరీంనగర్ నుంచి శ్రీరాంపూర్ బొగ్గు ప్రాంతానికి బదిలీ చేశారు. హోదా, వీరుల విభాగంలో శ్రేణి అధికారి. వీరులు గాలిలో ఎగరడం, మంటల్లో దూకడం అందరూ చూస్తారు. ఎవరిని, ఎందరిని, ఏ పనికి పంపాలో ముందుగా తేల్చేవాళ్లు ఉంటారని చాలామందికి తెలియదు. ఆ పని మాది.

వీరుడు వెళ్లే ప్రతి పనినీ మేం డ్యూటీ అంటాం. ప్రతి డ్యూటీకీ ఒకటి నుంచి ఐదు వరకు ప్రమాద శ్రేణి వేస్తాం. ఒకటో శ్రేణి అంటే బావిలో పడ్డ ఎలుగుబంటి లాంటిది. కొత్తగా చేరిన వీరుడు టిఫిన్ చేసి వెళ్లి భోజనానికి తిరిగి రావచ్చు. ఐదో శ్రేణి అంటే ముందు ఊళ్లు ఖాళీ చేయించాలి, వీరుల సంగతి తర్వాత. మూడో శ్రేణి దాకా ఒక్కరు చాలు. నాలుగు నుంచి ఇద్దరు తప్పనిసరి, చుట్టూ పోలీసు తాడు కట్టాలి.

శ్రేణి వేయడానికి మూడు ప్రశ్నలున్నాయి. ఎదుటి జీవి ఏం చేయగలదు? దాని అందుబాటులో ఎంతమంది ఉన్నారు? వీరుడు తిరిగి రావడానికి దారి ఉందా? వీటికి తోడు స్థానిక మినహాయింపు అనే నిబంధన ఒకటి ఉంది. వీరుడిది ఆ ఊరే అయితే ఒక శ్రేణి తగ్గించాలి. దారులు తెలుసు, మనుషులు తెలుసు, కాబట్టి ప్రమాదం తక్కువ అని దాని ఉద్దేశం.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. కరీంనగర్‌లో ఉన్నన్నాళ్లు సాయంత్రాలు జిల్లా గ్రంథాలయంలో, తాళం వేసేదాకా కూర్చునేవాణ్ణి. గనుల గురించి, వేడి గురించి, జంతువుల గురించి అక్కడ దొరికినవన్నీ చదివాను. ఒక వైద్య పుస్తకంలో, శస్త్రవైద్యులు సాధారణంగా సొంతవాళ్లకు ఆపరేషన్ చేయరని ఉంది. చేతికి నైపుణ్యం ఉన్నా మనసు పక్కకు పోతుందట. అది చదివినప్పటి నుంచి నాకు స్థానిక మినహాయింపు మీద అనుమానమే. అయినా ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి పాటిస్తూ వచ్చాను.

అలా ఉండగా ఒక ఊరి దగ్గర, మూసేసిన పాత గనిలోంచి నిప్పుజీవి బయటపడింది. దున్నపోతంత ఉంటుంది, ఒళ్లంతా రగిలే బొగ్గే. ఊరివాళ్లు దానికి కుంపటి అని పేరు పెట్టారు. దాన్ని తిరిగి సొరంగంలోకి తోసి పైన మూత దించాలి. మా దగ్గర నిప్పును తట్టుకునే వీరుడు రాజేశం. అతనిది అదే ఊరు. అతని శక్తికి ఒక షరతు ఉంది. దృష్టి నిలిచినంతసేపే చర్మం కాలదు. మనసు మళ్లితే అందరి చర్మం లాంటిదే.

నా లెక్కకు అది నాలుగో శ్రేణి. మినహాయింపు ప్రకారం ఒకటి తగ్గిస్తే మూడు, అంటే రాజేశం ఒక్కడే వెళ్లాలి. శ్రేణి ఖాయం చేసేముందు అధికారి స్వయంగా చోటు చూడాలన్నది నిబంధన. వెళ్లాను.

కుంపటి తిరుగుతున్న గని మూతి కనిపించేంత దగ్గరలో షామియానా వేశారు. కుర్చీలు, మైకు, పూలదండలు సిద్ధం. డ్యూటీకి ముందు రాజేశానికి సన్మానమట. అతని మేనమామ మల్లయ్య, దుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చినవాడు, శాలువా చేతిలో పట్టుకుని ఏర్పాట్లు చూస్తున్నాడు.

"సారూ, ఫోటోల మీరు గూడ జర నిలవడుండ్రి. గా కుంపటి ఏడికి పోతది, ఆగుతది" అన్నాడు.

రాజేశం తల్లి లచ్చవ్వ అందరికంటే ముందు, ఒక బండ మీద కూర్చుని ఉంది. దూరం జరగమన్నాను.

"నా కొడుకు మంటలకు పోతుంటే నేను ఇంట్ల టీవీ సూసుకుంట కూసోవాల్నా బిడ్డా?" అంది.

నేను మినహాయింపు ఇవ్వకుండా నాలుగో శ్రేణి వేశాను. కారణం దగ్గర "బంధువులు, ముఖ్యంగా తల్లి" అని రాశాను. పై అధికారి ఫోన్ చేశారు. మర్యాదస్తుడు, కేకలు వేయలేదు. "బంధువులను ప్రమాదం కింద ఎట్ల చూపిస్తవయ్యా? పైవాళ్లకు నేనేం చెప్పాలె?" అన్నారు. వైద్య పుస్తకం సంగతి చెప్పాను. "సరే, గా పుస్తకం పేరు గూడ రాయి" అన్నారు.

రాజేశం మాత్రం మండిపడ్డాడు. "మా ఊర్ల నా ఇజ్జత్ తీస్తిరి కద సార్. ఇంకొకల తోడు లేంది రాజేశం దీన్ని పట్టలేడని అందరు నవ్వుతరు."

మల్లయ్య అందుకున్నాడు. "మా అల్లుని మీద నమ్మకం లేకుంటే మీరే పోండ్రి సారూ. శాలువా మీకే కప్పుతం."

రెండో వీరురాలు షాహీన్ కరీంనగర్ నుంచి మరునాడు పొద్దున గాని రాలేకపోయింది. వాళ్లది బట్టల దుకాణం నడిపే కుటుంబం. అరచేతులు చాస్తే ఆమె ముందు కంటికి కనపడని గోడ లేస్తుంది. ఆమె వచ్చేలోపు కుంపటి ఒక పశువుల కొట్టాన్ని కాల్చేసింది. నా శ్రేణి వల్లే ఆ నష్టమని ఊళ్లో అన్నారు. అది నిజమే.

షాహీన్ జీపు దిగుతూనే, "ఏం రాజేశన్నా, శాలువా నీకొక్కనికేనా?" అంది. రాజేశం నవ్వలేదు.

పోలీసులు తాడు కట్టి అందరినీ వెనక్కి జరిపారు. రాజేశం కుంపటిని మెడ దగ్గర పట్టి సొరంగం వైపు తోసుకుపోయాడు. షాహీన్ పక్కలకు గోడ నిలిపింది. సగం లోపలికి పోయాక జీవి ఎదురు తిరిగి రాజేశాన్ని మోకాళ్ల మీదికి తెచ్చింది. అప్పుడు మల్లయ్య, చేతిలో శాలువాతోనే, తాడు కింద నుంచి దూరి పరుగెత్తాడు.

"అల్లుడా, ఫికర్ చెయ్యకు, నేనస్తున్న!"

రాజేశం తల తిప్పాడు. "మామా, ఎన్కకు పో!" అంటూ ఒక చెయ్యి వదిలి ఆగమని సైగ చేశాడు. పట్టుకుని ఉన్న రెండో చెయ్యి మోచేతి దాకా కాలింది. కుంపటి విదిలించుకుని మల్లయ్య మీదికి మళ్లింది. షాహీన్ గోడను తెచ్చి మధ్యలో నిలిపింది. శాలువా అంచు గోడకు అవతల ఉండిపోయి కాలిపోయింది. మల్లయ్య ఇవతల ఉన్నాడు. రాజేశం మళ్లీ దృష్టి కూడదీసుకుని, కాలని చేత్తో, భుజంతో జీవిని లోపలికి నెట్టాడు. మూత దించారు.

కొన్నాళ్ల తర్వాత ఆస్పత్రికి వెళ్లాను. రాజేశం వేళ్లు పూర్తిగా ముడుచుకోవని డాక్టర్లు చెప్పారు. అతను కృతజ్ఞతలేమీ చెప్పలేదు, నేనూ ఆశించలేదు. "మామ ఉరుకుతడని మీరెట్ల పసిగట్టిండ్రు?" అని అడిగాడు. పసిగట్టలేదని, తల్లి పేరు రాశానని చెప్పాను.

"అవ్వనా?" అని మొదటిసారి నవ్వాడు. "తాడు దాటకుండ ఊరందర్ని కట్టె పట్టుకొని ఆపింది అవ్వనే సార్."

స్థానిక మినహాయింపును రద్దు చేయమని రాశాను. జవాబు రాలేదు. పదవీ విరమణ దాకా నా మటుకు నేను నాలుగో ప్రశ్న కూడా అడుగుతూ వచ్చాను: ఎవరి గొంతు వినపడితే ఈ వీరుడు తల తిప్పుతాడు? జీవి బలాన్ని కొలవడానికి పరికరాలున్నాయి. దీనికి మాత్రం ఇంటికి వెళ్లి, చాయ్ తాగి, అడిగి తెలుసుకోవాలి. అంతా చేసినా తప్పు పేరే రాసుకునే అవకాశం ఉంది. నాలుగో శ్రేణిలో ఇద్దరిని పంపేది అందుకే.