గులాబీపూల అచ్చుకు అద్దె

అటక దులుపుతుంటే గులాబీపూల ఇనుప అచ్చు దొరికింది. క్రిస్మస్‌కు మీ ఇళ్లలోనూ వేసేవారు కదా ఆ పూలు? అచ్చు మా వీధి మొత్తానికి మాకే ఉండేది. తీసుకెళ్లినవాళ్లు మా పిండిని కూడా వాళ్ల నూనెలో వేయించి ఇవ్వాలి. అదే అమ్మ పెట్టిన అద్దె.

ఒక ఏడాది గనిలో నాన్నకు పని ఆగిపోయింది. అమ్మ పిండి కలిపింది గాని ఇంట్లో నూనె లేదు. పండగ ముందురోజు పొద్దుగూకినా అచ్చు కోసం ఎవరూ రాలేదు. నోరు తెరిచి అడగడం అమ్మకు చేతకాదు. మేము తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.

చివరికి ఎదురింటి మరియమ్మత్త కేకేసింది. "ఏం వదినా, అచ్చు దాచిపెట్టుకున్యావా ఏంది? నూనె కాగుతాండాది, నీ పిండి యాడ?"

అమ్మ పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే.

ఇప్పుడు నూనెకు కొదవ లేదు. అయినా ఇందాక పక్కింటి కోడలు అచ్చు అడిగితే, పిండి గిన్నె కూడా చేతిలో పెట్టాను. అద్దె అద్దే.