ఎవరూ లేరనుకున్న ఇల్లు

నాకు పాడుబడ్డ ఇళ్ల పిచ్చి ఉందని ఒమన్‌లో నేను పనిచేసే నిజ్వా ఆసుపత్రిలో మా వార్డు మొత్తానికీ తెలుసు. సలాలా వెళ్లే దారిలో రోడ్డు వెడల్పు చేశాక, పాత రోడ్డు పక్కన టీ కొట్లు, టైర్ల షాపులు, పెట్రోలు బంకులు ఎక్కడివక్కడ మిగిలిపోయాయి. సెలవు దొరికితే చాలు, కెమెరా పట్టుకుని వాటి దగ్గరికి పోయేదాన్ని. పెచ్చులూడిన గోడ, తలుపు లేని గుమ్మం, సగం ఇసుకలో కూరుకుపోయిన బల్ల, ఇవే నా ఫొటోలు.

"పాడుబడ్డ కొంప చూడ్డానికి ఇంత పెట్రోలు తగలెయ్యాలా? మీ పుట్టింటి వెనకాల మూతబడ్డ రైసు మిల్లు ఉందిగా" అని మా ఆయన దెప్పేవారు.

ఆయనకి చెప్పినా ఎక్కదు. నర్సు ఉద్యోగంలో డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మొహాలే. ప్రతి మొహమూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. నొప్పికి మందు, ఇంకో దుప్పటి, ఇంటికెప్పుడు పంపుతారని. ఖాళీ ఇల్లు ఏమీ అడగదు, బెల్లు నొక్కదు. ఎంతసేపు నిలబడ్డా "సిస్టర్" అని పిలవదు. అందుకే నాకు అవంటే ఇష్టం అని తోటి నర్సులకి గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడా మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కిందటేడు ఎండలు మండిపోతున్న రోజులు. సలాలాలో జల్లులు మొదలయ్యాయంటే ఒమన్‌లో ఉన్నవాళ్లంతా అటే పరుగు. మేమూ బయల్దేరాం. దారిలో ఒక రాత్రి ఆగి, తెల్లవారగానే మళ్లీ బండెక్కాం. ఎడారి మీద ఎండ అప్పుడప్పుడే ఏటవాలుగా పడుతోంది. పాత రోడ్డు పక్కన ఒంటరిగా ఒక హోటలు కనిపించింది. బోర్డు ఒక మేకు మీద వేలాడుతోంది. "ఆపండి, ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను" అన్నాను. ఆయన ఏసీ వేసుకుని కారులోనే కూర్చున్నారు.

ముందు గదిలో పగిలిన టైల్సు, గల్లాపెట్టె బల్ల తప్ప ఏమీ లేవు. వెనక గదిలో మాత్రం ఓ మూల చుట్టిపెట్టిన చాప, ఇటుక మీద బోర్లించిన స్టీలు గ్లాసు, పక్కన మంచినీళ్ల క్యాను ఉన్నాయి. పెద్దది, నీలం రంగుది. ఎవరో వదిలేసి పోయారనుకున్నాను. ఎలా అనుకున్నానో నాకే తెలీదు. ఇల్లు వదిలేసి పోయేవాడు గ్లాసు కడిగి బోర్లించి పోతాడా!

కిటికీలోంచి మంచి వెలుతురు పడుతోంది. ఆ క్యాను కిటికీలో పెడితే బాగుంటుందనిపించింది. ఎత్తబోతే బరువు. నిండా నీళ్లు. నీళ్లతో ఉంటే వెలుతురు లోపల నిలవదు, ఖాళీ చేస్తే దీపంలా వెలుగుతుంది అని నా ఆలోచన. వెనక గుమ్మం దాకా ఈడ్చి, మూత తీసి వంచేశాను. ఇసుక చుక్క మిగల్చకుండా తాగేసింది. నా సల్వారు అంచు కూడా తడిసింది. ఖాళీ క్యానుని కిటికీలో నిలబెట్టి ఫొటో తీశాను, తర్వాత మూత పెట్టకుండానే నేల మీద వదిలేశాను. నేను తీసినవాటిలో అంత మంచి ఫొటో లేదు, అది ఇప్పుడు కూడా చెప్పగలను.

ఖాళీగా కనిపించిన మంచం ఖాళీ అనుకోవద్దు, పేషెంటు బాత్రూంకి వెళ్లుంటాడు, దుప్పటి తీసేముందు ఒకసారి పిలవండి అని కొత్తగా చేరిన నర్సులకి చెప్పేది నేనే.

బయటికొచ్చి "ఒకసారి చూడండి, ఏం వచ్చిందో" అని ఆయన్ని కారు దింపుతుండగా మేకల మంద వచ్చింది. వెనకాల తలకి తువాలు చుట్టుకున్న మనిషి, చేతిలో కర్ర. మా మాటలు విని పరుగులాంటి నడకతో దగ్గరికొచ్చాడు.

"తెలుగోళ్లేనా అక్కా? మాది జగిత్యాల దిక్కు. మన మాట ఇనక ఎన్ని దినాలాయెనో! ఎండల నిలవడ్డరేంది, గిట్ల నీడకు రాండ్రి. గిదే నా రూము. కూసోండ్రి, మంచినీళ్లు దెస్త."

అంటే ఆ నీళ్లు ఇతనివే. మా ఆయన మాత్రం సంబరంగా "ఒక్కడివే ఉంటావా ఇక్కడ?" అని అడుగుతున్నారు. అర్బాబు, అంటే ఈ మేకల యజమాని, జుమ్మాకి జుమ్మాకి, అంటే శుక్రవారం శుక్రవారం, బండిలో నీళ్లు, సామాను తెచ్చి దింపుతాడని, మేకల తొట్టిలో నీళ్లున్నా ఉప్పు కషాయమని చెబుతూ అతను లోపలికి వెళ్లాడు. నిన్ననే జుమ్మా అయిపోయింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూనే ఉన్నాను.

అతను ఒక చేత్తో ఖాళీ క్యాను, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. క్యాను తలకిందులు చేసి చూశాడు. తర్వాత మందలో ఒక నల్ల మేక వైపు తిరిగాడు.

"ఇదే! ఎప్పటికి లోపటికే జొరవడతది. మొత్తం పారబోసె గదనే!"

కర్ర ఎత్తి దాని వీపు మీద ఒక్కటేశాడు. అది అరిచింది. ఆ దెబ్బ పడేదాకా నా నోరు పెగల్లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

"కొట్టకు తమ్ముడూ, నీళ్లు నేనే పారబోశాను" అన్నాను.

"నువ్వా? ఎందుకక్కా?"

"ఫొటో కోసం. ఎవరూ ఉండట్లేదనుకున్నాను."

అతను కర్ర దించాడు. మా ఆయన నా మొహం చూసి, తడిసిన సల్వారు అంచు చూశారు. డిక్కీ తెరిచి మా నీళ్ల సీసాలన్నీ దించి గుమ్మంలో పెట్టారు. అవి జుమ్మా దాకా సరిపోవని ముగ్గురికీ తెలుసు.

"ఏది, సూపియ్యి" అన్నాడతను. కెమెరా ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "మంచిగనే వచ్చింది" అన్నాడు. ఇంకా చూస్తూనే మెల్లగా అడిగాడు.

"మనిషుండే ఇల్లు లెక్క కనవడకపోయెనా అక్కా?"

అతను తిట్టి ఉంటే పడేదాన్ని. ఈ ప్రశ్నకి తలెత్తలేకపోయాను. తప్పు నాది, సిగ్గు మాత్రం అతను పడుతున్నాడు. "లేదు తమ్ముడూ, నేనే చూసుకోలేదు" అన్నాను. అతను తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. సీసా ఒకటి విప్పి గ్లాసులో పోసి నాకే ముందు ఇచ్చాడు.

"తాగు అక్కా. ఇంటికొచ్చినోళ్లు ఎండిన నోటితోని పోవద్దు."

తాగాను.

సలాలాలో రెండు రోజులూ జల్లు ఆగలేదు. కొండలన్నీ పచ్చగా, జనం పిల్లల్ని ఎత్తుకుని కావాలని తడుస్తున్నారు. ఆయన కొబ్బరి బోండాం కొట్టించి ఇస్తే సగం తాగి పక్కన పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు పెద్ద నీళ్ల క్యాన్లు కొని వెనక సీట్లో పెట్టుకున్నాం. దారి పొడుగునా అవి కదలకుండా నేను పట్టుకునే కూర్చున్నాను.

హోటలు దూరం నుంచే కనిపించింది. రోడ్డు వైపు కొత్తగా తాడు కట్టి, దాని మీద చొక్కా, లుంగీ ఆరేసి ఉన్నాయి. గుమ్మం ముందు ఇసుక చదును చేసి ఉంది. దాని మీద, గోడ నుంచి ఊడిన సున్నం పెళ్లలు నలిపి కాబోలు, ముగ్గు వేశాడు. నాలుగు చుక్కలు, వంకరటింకర గీతలు. ఎప్పుడూ ముగ్గు వేసి ఎరగని మగవాడి చెయ్యి అది. మా క్రైస్తవుల ఇళ్లలో ముగ్గు వేసే అలవాటు లేదు. అయినా అది ఎవరికి వేసిన జవాబో నాకు అర్థమైంది.

క్యాను భుజాన పెట్టుకున్న మా ఆయన దాన్ని చూసి ఆగిపోయారు. ఇద్దరం ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళ్లాం. గుమ్మం బయటే నిలబడి పిలిచాను.

"తమ్ముడూ, లోపలికి రావచ్చా?"

ఎవరూ పలకలేదు. మేకలతో పోయినట్టున్నాడు. క్యాన్లు గడప ఇవతలే దించి వచ్చేశాం.