జవాబు అంటించని సోమవారం

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే భయం లేదు, పాములంటే కొంచెం భయం, "తెలీదు" అనే మాటంటే మాత్రం చచ్చేంత భయం. ఇప్పటి కుర్ర లెక్చరర్లు క్లాసు మధ్యలో జేబులోంచి ఫోను తీసి "ఉండండ్రా, చూసి చెప్తాను" అంటూంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. (కోపం అనుకునేరు, అసూయ.) నేను రాజాంలో ఒక ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరిన ఏడాది నా దగ్గరున్నది బటన్ల ఫోను. అందులో ఒక ఆట తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

మా కాలేజీ యజమాని ధాన్యం వ్యాపారి. ఊరంతా షావుకారుగారనేవారు. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి, అరచేతిలో రాలిన గింజలు చూసి లోడంతటికీ ధర చెప్పేసే మనిషి. మేష్టర్లనీ అలాగే చూసేవారు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. శనివారం గేటు పక్క బోర్డు మీద ఒక లెక్చరరు ఒక ప్రశ్న రాయాలి, సోమవారం పొద్దున్నే దాని కింద జవాబు కాగితం అంటించాలి. బజారుకొచ్చిన తల్లిదండ్రులు ఆగి చదివి, ముచ్చటపడి, పిల్లల్ని మా దగ్గర చేర్పిస్తారని ఆయన ఎత్తు. "లెక్క ఎట్టినోడే జవాబు సెప్పాల. తెల్దన్నోడితో నాకు పన్లేదు" అనేవారు. నాకు ముందు ఫిజిక్సాయన జవాబు మంగళవారం అంటించి, బుధవారం పెట్టె సర్దుకున్నాడు. నా ఉద్యోగం పోతే నేను తిరిగి వెళ్ళాల్సింది నౌపడ, మా మావ ఉప్పుమడుల్లోకి. బయల్దేరేటప్పుడే ఆయన దీవించాడు కూడా. "ఎల్లరా అల్లుడా. ఉజ్జోగం ఊడితే వచ్చెయ్, ఉప్పుకి మనుసులు సాలట్లేదు."

నా వంతు వచ్చిన శనివారం ఏం రాయాలో తోచక క్లాసులో తల గోక్కుంటుంటే, కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి (ముందు బెంచీ, నోరు ఊరుకోదు) లేచి నిలబడింది. "సార్, పదికి మూడూ ఏడూ. ఇరవైకి మూడూ పదిహేడూ. ఏ సరిసంఖ్య తీసినా రెండు ప్రధాన సంఖ్యలు కలిపితే వచ్చేస్తన్నాది. ఎందుకలగ?" నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది. ఇంత తేలికైన ప్రశ్నకి జవాబూ తేలికగానే ఉంటుందనుకుని, గేటు దగ్గరికి పోయి గుండ్రటి అక్షరాలతో రాసేశాను: "రెండు కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమని నిరూపించుము."

సాయంత్రం గదిలో కూర్చుంటే రాలేదు. టీ తాగితే వస్తుందనుకున్నాను, రాలేదు. స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నా రాలేదు. ఆదివారం మొదటి బస్సుకే విజయనగరం పరిగెత్తి మా డిగ్రీ మాస్టారి కాళ్ళ మీద పడ్డాను. ఆయన వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విషయమంతా విని, దగ్గొచ్చేదాకా నవ్వారు.

"ఒరే, అది ఎవులికీ రాలేదురా. తాతల నాటి నుంచీ మహామహులు తలకాయలు బద్దలుకొట్టుకుంటన్నారు. నిజమేనని అందరికీ అనిపిస్తాది, ఎందుకు నిజమో ఒక్కడూ సెప్పలేకపోయేడు. సోమారం నాటికి గేటుకి అంటించెస్తానన్నోడివి లోకంలో నువ్వొక్కడివే" అన్నారు.

ఆ చిక్కుడుకాయ కూరతోనే భోజనం పెట్టారు గానీ ముద్ద దిగితేనా. జవాబు లేదని తెలిశాక భయం తగ్గాలి కదా, నాకు రెట్టింపయింది. లెక్క రాని మేష్టరు "ఇది లోకంలో ఎవరికీ రాదు" అంటే నమ్మే వెర్రివాడెవడు? తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎండలో ఉప్పు గోకుతున్నట్టు అప్పుడే ఊహించుకున్నాను.

సోమవారం బోర్డు ముందు జనం. వాళ్ళ మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని షావుకారుగారు. "ఏటి మాస్టారా, కాయితం ఏదీ?" బస్సులో ఇంగ్లీషులో తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలెట్టకుండానే వదిలేశాను. "దీనికి జవాబు ఎవరికీ తెలీదండీ" అన్నాను.

"ఎవులికీ అంటే? పాలకొండ కాలేజీవోలికి?"

"వాళ్ళకీ తెలీదండీ."

"ఇశాపట్నంవోలికి? ఫారినోలికి?"

"తెలీదండీ. కోట్లకి కోట్లు అంకెలు వేసి చూశారట, అన్నీ కుదిరాయట. అయినా రుజువు లేదండీ."

"అన్నీ కుదిరితే మరింకేటి బాధ? నాలుగు బస్తాలు గుచ్చి సూత్తే లోడంతా తెలిసిపోతాది" అన్నారాయన, తడిసిన ధాన్యాన్ని చూసినట్టు నన్ను చూస్తూ. ఆ కంగారులో పాఠం చెప్పే భాష పోయి మా ఊరి మాట వచ్చేసింది. "లారీలో బస్తాలు ఎక్కడో ఓకాడ అయిపోతాయి బాబూ. ఈ అంకెలు అయిపోవు. ఎన్ని గుచ్చినా, గుచ్చని బస్తా ఇంకా ఉంటానే ఉంటాది."

ఆయన మొహం మారిపోయింది. ఆ ఏడాదే, పైన గుచ్చిన బస్తాలన్నీ బంగారంలా ఉన్నా, అడుగున తడిసిన ఒక్క బస్తా ముక్కిపోయి లోడు లోడంతా వెనక్కి తిప్పించుకున్న మనిషి. "ఎల్లండెల్లండి, జవాబు లేదంట" అని జనాన్ని తోలేసి, నన్ను గేటు లోపలికి లాక్కుపోయారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

ఆయన గొంతు బాగా తగ్గించారు. "మాస్టారా, నిన్న కొట్టుకాడ కూకుని నానూ కలిపి సూసేను. కలుస్తన్నాయి, ఇంకోటి సూత్తే అదీ కలుస్తన్నాది. అన్నీ కలుస్తంటే నాకు గుండెల్లో దడ పుట్టింది. కలవనిది ఎక్కడో ఉన్నాదంటావా?" అంత పెద్దమనిషి కళ్ళలో నా భయమే కనిపించింది. "తెలీదండీ" అన్నాను.

"నీకూ తెల్దు గదా. నాకు కాసింత నిమ్మళంగున్నాది" అని నా భుజం తట్టి, క్లాసుకి పొమ్మన్నారు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది, ఇంకా పిల్లలకి లెక్కలే చెప్తున్నాను. ఆ సోమవారం గేటు దగ్గర భయపడిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఉప్పుమడి తప్పిందని వాడు సంబరపడిపోయాడు, భయం అక్కడితో వదిలిపోతుందనుకున్నాడు పాపం. అప్పుడు ఆ లెక్క నాకు రాదేమోనని భయం. ఇప్పుడు, నేను బతికుండగా ఎవరికీ రాదేమోనని.