పచ్చిపులుసు తెచ్చిన ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు తెలిసిన మర్యాద చాలా చిన్నది. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడాలి, ఏం చెప్పినా తల ఊపాలి, మాట చివర ‘సార్’ తగిలించాలి. జగిత్యాలలో డిగ్రీ, హైదరాబాద్‌లో ఎంబీఏ ఈ ఊపుడు మీదే గట్టెక్కాను. మాస్కులు ఇంకా గడ్డాల కింద వేలాడుతున్న ఆ ఏడాది, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉన్న ఒక డెన్మార్క్ కంపెనీలో నాకు మూడు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. సోనాపూర్ క్యాంపుల నుంచి పనివాళ్ళను సైట్లకు చేరవేసే బస్సు నడిపే మా బాబాయి, నేను విమానం ఎక్కకముందే ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి “మా బిడ్డ దుబాయ్‌ల ఆఫీసరయింది” అని చెప్పేశాడు. కాబట్టి చివర్లో ఉద్యోగం ఇవ్వకపోతే నేను ఊరికి తిరిగి వెళ్ళే దారే లేదు. (ఉన్న ఒక్క దారీ ఆ ఫోన్లు అందుకున్నవాళ్ళ ఇళ్ళ ముందు నుంచే పోతుంది.)

ఆఫీసుకి పెద్ద కూడా డెన్మార్క్ ఆయనే. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. మనసులో పొడుగాయన అని పేరు పెట్టుకున్నాను. మొదటి రోజే తన కాఫీ తనే పోసుకుని, నాకూ ఒక కప్పు పోసిచ్చి, “ఇక్కడ సార్లు లేరు, నన్ను పేరుతో పిలువు” అన్నాడు. (ఆ పేరు రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, క్షమించాలి.) ఇంటికొచ్చి చెబితే బాబాయి చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“పేరు వెట్టి పిలుస్తవా? నౌకరి ఇచ్చేటోన్నా? మా ముదీర్‌ను, గదే మేనేజర్‌ను, నేను గట్ల పిలిస్తే ఆ దినమే ఖలాస్, బిడ్డా!”

అటు ‘సార్’ అంటే ఆయనకు నచ్చదు, ఇటు పేరు నోట్లోంచి రాదు. చివరికి ఆయన కుర్చీ వెనక నిలబడి, ఆయనంతట ఆయన తిరిగే దాకా దగ్గేదాన్ని. అవి దగ్గే రోజులు కావు. పాపం, రెండుసార్లు నన్ను కరోనా టెస్టుకు పంపించాడు.

ఇంతకీ ఆ కంపెనీ చేసేది అన్నం డబ్బాలు. క్యాంపుల్లో ఉండే పనివాళ్ళ కోసం తెల్లగా, పల్చగా, పుస్తకంలా ఉండే కొత్త డబ్బా ఒకటి తయారుచేసి, ఆఫీసులో అందరికీ తలా ఒకటి ఇచ్చి వాడి చూడమన్నారు. మిగతావాళ్ళు అందులో బ్రెడ్డు ముక్కలు పెట్టుకునేవాళ్ళు. మా చిన్నమ్మ నాకు అన్నం, పచ్చిపులుసు పెట్టేది. మెట్రో దిగేసరికి పులుసు డబ్బాలో తప్ప సంచీలో అన్నిచోట్లా ఉండేది. బాత్రూంలో దూరి సంచీ కడుక్కుని, తడి కాగితాలు ఏసీ కింద ఆరబెట్టుకుని, మీటింగుకి వెళ్ళేదాన్ని. అక్కడ ఇంటర్న్‌తో సహా అందరూ వంతులవారీగా అభిప్రాయం చెప్పి తీరాలి, అది వాళ్ళ ఆచారం. నా వంతు రాగానే “చాలా బాగుంది” అని తల ఊపేదాన్ని. నా ఒళ్ళంతా చింతపండు వాసన.

రెండో నెల చివర పొడుగాయన నన్ను కూర్చోబెట్టి మెల్లగా అన్నాడు. “నేను అన్న ప్రతిదానికీ నువ్వు అవునంటున్నావు. అలాగైతే మనిద్దరిలో ఒకరు దండగ. ఎవరో ఆలోచించుకో.”

ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయనకు ఉద్యోగం ఉంది.

ఆఖరి వారం మీటింగ్. మర్నాడు ఒక పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ఆ డబ్బా చూపించాలి. అందరూ బాగుందన్నారు. నా వంతు వచ్చింది. ఒళ్ళో ఉన్న సంచీ చల్లగా తగులుతోంది, మళ్ళీ కారింది. బాబాయి బస్సు నిండా కూర్చునే మనుషులు రోజూ ఎర్రటి ఎండలో ఈ డబ్బా తెరిచి, చప్పటి అన్నం చూసుకుంటారని తట్టింది. కోపం వచ్చింది, అదీ నా మీద నాకే. లేచి నిలబడి, ఆయన పేరు, మొత్తం పేరు, గట్టిగా పలికాను. “ఇది బాగాలేదు” అన్నాను. ఊరికే చెబితే నమ్మరేమోనని డబ్బా తీసి, బస్సు మలుపు తిరిగినట్టు బల్ల మీద పక్కకు వంచాను. మిగిలిన పులుసు నెమ్మదిగా బల్ల అంచు దాకా పోయి, ఇంకెవరూ లేనట్టు, సరిగ్గా పొడుగాయన తెల్ల ప్యాంటు మీద పడింది.

ఆయన ప్యాంటు చూసుకున్నాడు. బల్ల మీది పులుసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

“రుచి బాగుంది. డబ్బాలో ఉండాల్సింది” అన్నాడు. “మరి ఎలా చేద్దాం?”

గుండ్రంగా, లోతుగా, గిన్నె మీద గిన్నె, బిగించే మూత. బోర్డు మీద బొమ్మ వేసి చూపించాను. మర్నాటి మీటింగ్ వాయిదా పడింది. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ రాత్రి బాబాయి ఊరికి మళ్ళీ ఫోన్లు చేశాడు, ఈసారి నిజమే చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, “పులుసు వోస్తె నౌకరి ఇచ్చిండా? అయితే రేపు మా ముదీర్ మీద నేను గూడ వోస్త!” అన్నాడు.

ఇప్పుడు అదే ఆఫీసులో నా కింద ఒక చిన్న బృందం ఉంది. మొన్న నెల్లూరు నుంచి ఒక ఇంటర్న్ వచ్చింది. హాలు ఆ చివర నుంచి నన్ను పేరు పెట్టి పిలిచి, నిన్న నేను చెప్పింది తప్పని అందరి ముందూ అంది. నవ్వుతూనే విన్నాను గానీ, ఒక్కసారి ‘మేడం’ అని ఉంటే ఆ పిల్ల సొమ్మేం పోయేదో అనిపించింది. అంతలో చూపు ఆమె సంచీ మీద పడింది. అందులో ఉన్నది మా గుండ్రటి డబ్బానే. సంచీ పొడిగా ఉంది.